హెడ్ గాస్కెట్ అంచున ఆయిల్ చెమరుస్తోంది: ఇప్పుడే హెడ్ దింపించాలా, కొంతకాలం గమనిస్తూ నడపవచ్చా?

పాతబండి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నా కారుది నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్. బ్లాక్ (సిలిండర్లు ఉండే కింది భాగం) పోత ఇనుముది, హెడ్ (దాని మీద బిగించే పైభాగం) అల్యూమినియంది, టైమింగ్ బెల్టుతో నడుస్తుంది. లక్ష కిలోమీటర్లు దాటి చాలాకాలమైనా ఇంతవరకు హెడ్ దింపవలసిన అవసరం రాలేదు. కొంతకాలంగా ఇంజన్ వెనుక కొసన, అంటే గేర్‌బాక్స్ ఉన్న వైపు, బ్లాక్ మీద హెడ్ కూర్చునే గీత వెంబడి, అంటే వాటి మధ్య ఉండే ప్యాకింగ్ రేకైన హెడ్ గాస్కెట్ అంచున, ఆయిల్ చెమ్మ కనిపిస్తోంది. తుడిచిన మర్నాటికే తిరిగి వచ్చేంత ఉధృతి లేదు గాని, కొన్ని వారాలు గడిచేసరికి అక్కడ దుమ్ము అంటుకుని నల్లటి మడ్డిగా పేరుకుంటోంది. కారు నిలిపిన చోట నేల మీద చుక్క కనిపించడం అరుదు. ఎక్కువ దూరం నడిపి ఆపినప్పుడు మాత్రం ఒక్కోసారి మాడిన నూనె వాసన వస్తుంది.

కూలెంట్ మట్టం తగ్గడం లేదు, టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ ఉండే చోటనే ఉంటోంది, సైలెన్సర్ నుంచి తెల్లపొగ లేదు, ఇంజన్ లాగుడులో తేడా తెలియడం లేదు. ఆయిల్ మార్చిన నాటి నుంచి మళ్లీ మార్చే నాటికి డిప్‌స్టిక్ మీద మట్టం కొద్దిగా దిగుతుంది, అయితే కనీస గీత దాకా ఎప్పుడూ రాలేదు.

ఒక మెకానిక్ చూసి, ఇది హెడ్ గాస్కెట్ లీకేజీ కాబట్టి ఆలస్యం చేస్తే ఇంజన్ పోతుందని, వెంటనే హెడ్ దింపాలని చెప్పారు. మరొకరు రేడియేటర్‌లో పోసే గాస్కెట్ సీలర్ సీసా ఒకటి పోస్తే సరిపోతుందన్నారు. ఈ రెండు మాటల్లో ఏది నమ్మాలో తేల్చుకోలేకపోతున్నాను. ఇంత స్వల్పమైన లీకేజీకి ఇంజన్ పైభాగమంతా విప్పడం న్యాయమేనా? ఆగితే ఎంతవరకు ఆగవచ్చు, ఏయే లక్షణాలు కనిపిస్తే ఇక ఆగకూడదు? అనుభవమున్న వారు వివరించగలరని కోరుతున్నాను.

నల్లచేతులు

నమస్కారం పాతబండి గారూ. హెడ్ దింపాలా వద్దా అన్న ప్రశ్న కంటే ముందు, ఆ ఆయిల్ నిజంగా హెడ్ గాస్కెట్ నుంచే వస్తోందా అన్నది తేలాలి. పెంకుటింట్లో నీళ్లు కారే చోటికి సరిగ్గా పైనే పెంకు పగిలి ఉండాలన్న నియమం లేనట్టే, ఇంజన్ మీద తడి కనిపించిన చోటే లీకేజీ ఉండాలన్న నియమం కూడా లేదు. ఆయిల్ కిందికి జారుతుంది, బండి నడుస్తున్నప్పుడు గాలికి వెనక్కి పాకుతుంది, ఏదో ఒక అంచు దొరకగానే దాని వెంబడి పక్కకు వ్యాపిస్తుంది. హెడ్ గాస్కెట్ అంచు అలాంటి వాటిలో మొదటిది. హెడ్‌ను పైనుంచి మూసే టాపెట్ కవర్ ప్యాకింగ్ వెనుక మూలలో గట్టిపడి కారుతున్నా, ఆ ఆయిల్ హెడ్ గోడ మీదుగా పలుచని పొరగా దిగి గాస్కెట్ గీత దగ్గర ఆగి పేరుకుంటుంది. పైనుంచి చూసినవారికి అది హెడ్ గాస్కెట్ లీకేజీలాగే కనబడుతుంది. నా దగ్గరికి హెడ్ గాస్కెట్ పేరుతో వచ్చే ఆయిల్ లీకేజీలలో చాలా వాటికి మూలం గాస్కెట్ కంటే పైనే ఉంటుంది.

మీరు చెబుతున్న గేర్‌బాక్స్ వైపు కొసన అనుమానించదగ్గవి ఇంకా ఉన్నాయి. వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ చివర మూసే బిళ్ల, కొన్ని ఇంజన్లలో అక్కడే ఉండే డిస్ట్రిబ్యూటర్ ఓ-రింగ్, ఆయిల్ ప్రెషర్ స్విచ్, వాల్వ్ టైమింగ్ మార్చే సొలినాయిడ్ ఉన్న ఇంజనైతే దాని సీలు, ఇవన్నీ ఆయిల్ కార్చగలవు. ప్రెషర్ స్విచ్ అయితే లోపలి పొర చిల్లుపడి తన ప్లాస్టిక్ భాగం గుండానే కారుతుంది కాబట్టి దాని కనెక్టరు ఊడదీసి లోపల తడి ఉందేమో చూస్తే నిమిషంలో తేలిపోతుంది. టైమింగ్ వైపు అయితే హెడ్, బ్లాక్, ముందు కవరు మూడూ కలిసే మూల దగ్గర సీలెంట్ వదిలేయడం కూడా సాధారణమే గాని, మీ తడి రెండో కొసన ఉంది కనుక దాన్ని పక్కన పెట్టవచ్చు.

కనుక ముందుగా ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆ ప్రాంతమంతా డీగ్రీజర్‌తో శుభ్రంగా కడిగించండి. ఆల్టర్నేటర్‌ను, కాయిళ్లను, కనెక్టర్లను ప్లాస్టిక్ కవరుతో కప్పి, నీటి ఒత్తిడి తక్కువగా ఉంచి, తర్వాత గాలితో పూర్తిగా ఆరబెట్టాలి. పొడిబారిన గోడ మీద టాల్కమ్ పౌడరు పలుచగా చల్లి కొంతదూరం నడిపి ఆపి చూస్తే, తెల్లని పొడి మీద ముదురు గీత ఎక్కడ మొదలైందో కంటికే కనబడుతుంది. ఆ గీత పై కొస ముఖ్యం, కింది కొస కాదు. ఇంతకంటే నమ్మకమైన పద్ధతి ఆయిల్‌లో కలిపే ఫ్లోరసెంట్ డై. దాన్ని పోసి కొన్ని రోజులు మామూలుగా నడిపి, చీకట్లో అతినీలలోహిత లైటు వేసి, చేయి దూరని చోట చిన్న అద్దం పెట్టి చూస్తే, లీకేజీ మొదలైన చోటి నుంచి పసుపు-ఆకుపచ్చ వెలుగుతో జాడ కనబడుతుంది. టాపెట్ కవర్ కింది అంచు పొడిగా ఉండి, గాస్కెట్ గీత నుంచి కిందికి మాత్రమే వెలుగు కనబడితే అప్పుడు దాన్ని హెడ్ గాస్కెట్ లీకేజీ అనవచ్చు.

ఇదే సమయంలో పీసీవీ వాల్వును, అంటే ఇంజన్ లోపల చేరే వాయువులను తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపే వాల్వును, కూడా చూపించండి. అది మడ్డితో మూసుకుపోతే క్రాంక్‌కేసులో (ఇంజన్ కింది గది) ఒత్తిడి పెరిగి, బాగానే ఉన్న ప్యాకింగుల గుండా కూడా ఆయిల్‌ను బయటికి నెడుతుంది. ఇంజన్ ఐడిలింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద పలుచని కాగితం ఉంచితే, చాలా ఇంజన్లలో అది కొద్దిగా లోపలికి లాగబడాలి. ఎగిరి బయటికి పోతుంటే ముందు ఆ సంగతి చూడాలి. ఈ వాల్వు మార్చడంతోనే చెమ్మ ఆగిన ఇంజన్లు ఉన్నాయి.

మూడో గేరు

పై సభ్యులు చెప్పిన పరీక్షలతో ఏకీభవిస్తూ, సీలర్ సీసా గురించి మాత్రం రాస్తాను, ఎందుకంటే ఆ సలహా వినడానికి తేలికగా ఉంటుంది గాని దానివల్ల జరిగే నష్టం తేలికైనది కాదు.

రేడియేటర్‌లో పోసే గాస్కెట్ సీలర్లలో చాలావరకు సోడియం సిలికేట్ గాని, లోహపు రేణువులు గాని ఉంటాయి. కూలెంట్‌తో పాటు తిరుగుతూ, సిలిండర్ అంచున వేడికి గట్టిపడి ఆ సందును మూయడం వాటి పని. మీ లీకేజీ కూలెంట్ దారిలో లేదు, ఆయిల్ దారిలో ఉంది. కూలెంట్‌లో పోసిన మందు ఆయిల్ రంధ్రం దగ్గరికి చేరే మార్గమే లేదు. చేరగలిగిందంటే మీ గాస్కెట్‌లో కూలెంట్, ఆయిల్ కలిసిపోతున్నాయని అర్థం, అప్పుడు సమస్య మీరు వర్ణించినది కానే కాదు. కాబట్టి ఆ సీసా వల్ల మీ చెమ్మ తగ్గదు సరికదా, హీటర్ కోరులోను రేడియేటర్ సన్నని గొట్టాలలోను పేరుకుని, లేని ఓవర్‌హీటింగ్ సమస్యను తెచ్చిపెట్టవచ్చు. ఆ ఓవర్‌హీటింగ్‌తో గాస్కెట్ నిజంగానే పోతుంది.

ఆయిల్‌లో కలిపే లీక్‌స్టాప్ మందుల సంగతి కొంచెం వేరు. అవి రబ్బరు సీళ్లను స్వల్పంగా ఉబ్బించి మెత్తబరుస్తాయి. ఎక్కువ కిలోమీటర్లు తిరిగిన బండ్ల కోసం అమ్మే ఆయిళ్లలోనూ ఇలాంటి పదార్థాలే మితంగా ఉంటాయి. టాపెట్ కవర్ ప్యాకింగ్, క్రాంక్ సీలు వంటి గట్టిపడ్డ రబ్బరు మీద వాటి ప్రభావం కొంత ఉండవచ్చు. కానీ నేటి హెడ్ గాస్కెట్లలో చాలావరకు పలుచని స్టీలు రేకులు పొరలుగా పేర్చి, పైన అతి సన్నని రబ్బరు పూత వేసినవి. వాటిలో ఉబ్బడానికి మిగిలేది పెద్దగా లేదు. అందుకని ఆయిల్ మార్చే సమయం వచ్చినప్పుడు, మాన్యువల్‌లో అనుమతించిన గ్రేడులోనే ఎక్కువ కిలోమీటర్ల ఆయిల్ పోసి చూడడంలో తప్పులేదు గాని, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. చిక్కటి ఆయిల్ పోస్తే తక్కువ కారుతుందని మాన్యువల్ హద్దు దాటి వెళ్లడం మాత్రం మంచిది కాదు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు పైకి ఆయిల్ చేరడం ఆలస్యమవుతుంది, హైడ్రాలిక్ టాపెట్లు, వాల్వ్ టైమింగ్ సొలినాయిడ్లు మొరాయిస్తాయి.

బయటి నుంచి ఆ గీత మీద సిలికాన్ సీలెంట్ పూసే పని కూడా కొందరు చేస్తుంటారు. లోపలి ఒత్తిడికి ఆ పూత కొద్దికాలంలోనే లేచిపోతుంది, ఈలోగా ఆయిల్ ఎక్కడి నుంచి వస్తోందో కనబడకుండా కప్పేస్తుంది. తర్వాత పనిచేసే మెకానిక్ దాన్ని గీకి తీయడానికి పడే పాట్లు వేరే సంగతి.

పాతబండి

ఇద్దరికీ ధన్యవాదాలు. చెప్పినట్టే ఇంజన్ కడిగించి, డై పోయించి, కొన్నాళ్లు నడిపాక చీకట్లో లైటు వేసి చూశాము. రెండు చోట్ల వెలుగు కనబడింది. టాపెట్ కవర్ వెనుక మూలలో, అర్ధచంద్రాకారపు రబ్బరు ముక్క కూర్చునే చోటి నుంచి ఒక జాడ స్పష్టంగా కిందికి దిగింది. దాని ప్యాకింగ్ మార్చి, మళ్లీ కడిగి చూస్తే తడి చాలావరకు తగ్గింది గాని పూర్తిగా పోలేదు. ఇప్పుడు గాస్కెట్ గీత దగ్గరే, చివరి హెడ్ బోల్టుకు సమీపంలో, సుమారు రెండు వేళ్ల వెడల్పున సన్నని వెలుగు గీత కనబడుతోంది. దానికి పైనున్న హెడ్ గోడ పూర్తిగా పొడిగా ఉంది. అంటే గాస్కెట్ కూడా కొద్దిగా చెమరుస్తోందనే అనుకోవాలి. పీసీవీ వాల్వు బాగానే ఉందని తేలింది.

మాడిన వాసన ఇప్పుడు రావడం లేదు. ఇక మిగిలిన ఈ స్వల్ప చెమ్మను అలాగే ఉంచవచ్చా? ఇది లోపలి వైపు పాకి సిలిండర్‌లోకి గాని కూలెంట్‌లోకి గాని దారి తీస్తుందా అన్నదే నా ప్రధాన సందేహం.

ఫీలర్ గేజ్

పాతబండి గారికి నమస్కారం. నేను హెడ్ ఫేసింగ్ (హెడ్ అడుగు ఉపరితలాన్ని యంత్రంతో చదును చేసే) పనిలో ఉన్నవాడిని కాబట్టి, విప్పిన గాస్కెట్లు రోజూ చూస్తుంటాను. మీ సందేహానికి ఆ వైపు నుంచి సమాధానం చెబుతాను.

హెడ్ గాస్కెట్ ఒకే రేకుగా కనిపించినా అది ఒకేసారి మూడు రకాల పనులు చేస్తుంది. సిలిండర్ చుట్టూ ఉండే వలయం మండే వాయువుల ఒత్తిడిని ఆపుతుంది, కూలెంట్ రంధ్రాల చుట్టూ ఉండే అంచు నీటిని ఆపుతుంది, ఆయిల్ రంధ్రాల చుట్టూ ఉండే అంచు ఆయిల్‌ను ఆపుతుంది. ఈ మూడు వేర్వేరు ఉబ్బెత్తు గీతలు. వాటి మీద పడే ఒత్తిడి, వేడి వేర్వేరు. కాబట్టి ఒక మూలలో ఆయిల్ అంచు బయటికి చెమర్చిందంటే సిలిండర్ వలయం కూడా పోయిందని గాని, పోబోతోందని గాని చెప్పడానికి వీల్లేదు. బయటి ఆయిల్ చెమ్మతోనే ఏళ్ల తరబడి తిరిగి, ఇతర కారణాలతో విప్పినప్పుడు సిలిండర్ వలయాలు చెక్కుచెదరకుండా ఉన్న ఇంజన్లు నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. మీకు చెప్పిన మెకానిక్ ఆందోళన నిరాధారమైనదని అనను గాని, అది కూలెంట్ తగ్గుతున్న ఇంజన్‌కు వర్తించినంతగా మీ ఇంజన్‌కు వర్తించదు.

ఇక ఆ మూలే ఎందుకు? పంపు నుంచి కామ్‌షాఫ్ట్‌కు ఆయిల్‌ను పైకి తీసుకువెళ్లే రంధ్రం చాలా ఇంజన్లలో ఒక కొసన, బయటి అంచుకు దగ్గరగా ఉంటుంది. చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసిన కొత్తలో ఆ దారిలో 4-5 బార్ల ఒత్తిడి ఉండడం మామూలే. పైనుంచి సంపుకు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) తిరిగి దిగే రంధ్రాలు మాత్రం పెద్దవి, వాటిలో ఒత్తిడి ఉండదు. అల్యూమినియం హెడ్ వేడికి వ్యాకోచించే రేటు పోత ఇనుప బ్లాక్ కంటే దాదాపు రెండింతలు కాబట్టి, స్టార్ట్ చేసి ఆపిన ప్రతిసారీ హెడ్ బ్లాక్ మీద సూక్ష్మంగా జరుగుతుంది. ఆ జరుగుడు మధ్యలో కంటే కొసల్లో ఎక్కువ. ఏళ్ల తరబడి ఆ రాపిడికి కొసనున్న పూత అరుగుతుంది. మీ చెమ్మ ఒత్తిడి ఉన్న రంధ్రానిదా, దిగుడు రంధ్రానిదా అన్నది తెలుసుకుంటే ఉపయోగం ఉంటుంది. మీ ఇంజన్ మాన్యువల్‌లో గాస్కెట్ బొమ్మ దొరికితే ఏ రంధ్రం ఆ బోల్టు పక్కన ఉందో చూడవచ్చు. దిగుడు రంధ్రమైతే చెమ్మ ఇలాగే చాలాకాలం ఉండిపోయే అవకాశం ఎక్కువ. ఒత్తిడి రంధ్రమైతే అది ఒకనాటికి చుక్కలుగా మారవచ్చు.

లోపలి భాగం బాగుందో లేదో ఊహించవలసిన పని లేదు, పరీక్షించవచ్చు. రేడియేటర్ మూత తీసి అక్కడ పెట్టే గాజు గొట్టంలో నీలం రంగు ద్రవం పోసి చేసే పరీక్షలో, కూలెంట్‌లోకి మండిన వాయువు వస్తుంటే పెట్రోలు ఇంజన్‌లో ఆ నీలం పసుపుకు తిరుగుతుంది. గొట్టంలోకి కూలెంట్ పొంగితే ఫలితం పనికిరాదు కనుక, ముందే మట్టాన్ని కొద్దిగా తగ్గించాలి. సిలిండర్లలో ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ టెస్ట్ కూడా చేయించండి. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో ఒకేలా తక్కువ వస్తే వాటి మధ్య గాస్కెట్ మీద అనుమానం రావాలి. ఆయిల్ మూత లోపల మజ్జిగ రంగు నురగ కనబడితే భయపడతారు గాని, తక్కువ దూరాలే తిరిగే బండిలో అది తేమ వల్ల కూడా వస్తుంది. డిప్‌స్టిక్ మీదా అదే రంగు ఉంటేనే, కూలెంట్ మట్టం కూడా తగ్గుతుంటేనే అది గాస్కెట్ సంగతి. ఈ పరీక్షలు తేటగా వస్తే, ఆ చెమ్మ కోసమే హెడ్ దింపమని నేను చెప్పను.

ఎందుకు చెప్పనో కూడా వివరించాలి. హెడ్ దింపడం అంటే గాస్కెట్ మార్చి మళ్లీ బిగించడమే అనుకుంటారు. ఆ పని అజాగ్రత్తగా జరిగితే, చెమర్చే గాస్కెట్ పోయి కారే గాస్కెట్ వస్తుంది. పాత పూతను తీయడానికి డ్రిల్లుకు గరుకు చక్రం బిగించి రుద్దేవారిని చూస్తుంటాను. ఆ చక్రం అల్యూమినియంలో కంటికి కనబడని పల్లాలు చేస్తుంది, దాని నుంచి రాలే రాపిడి పొడి ఆయిల్ దారుల్లో పడి తర్వాత బేరింగులను తినేస్తుంది. ప్లాస్టిక్ గీకుడు పలకతో, గాస్కెట్ పూతను కరిగించే ద్రవంతో నిదానంగా తీయాలి. తర్వాత ఉక్కు స్కేలును హెడ్ మీద పొడవునా, అడ్డంగా, రెండు మూలలకూ ఐమూలగా పెట్టి, కింద 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ దూరుతుందేమో చూడాలి. ఎంతవరకు వంపు సమ్మతమో ఇంజన్‌ను బట్టి మారుతుంది గాని, 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ల మధ్యనే హద్దు పెట్టినవి ఎక్కువ. బ్లాక్ పైభాగాన్నీ అలాగే చూడాలి, చాలామంది ఇది వదిలేస్తారు. స్టీలు రేకుల గాస్కెట్‌కు ఉపరితలం బాగా నునుపుగా, గరుకుదనం సుమారు 0.8 మైక్రాన్లకు మించకుండా ఉండాలి. పాత కాలపు మెత్తటి గాస్కెట్‌కు సరిపోయిన గరుకు ఫేసింగ్ దీనికి సరిపోదు. ఫేసింగ్‌లో ఎంత తీశారో రాయించుకోండి, ఎందుకంటే హెడ్ మందానికి కంపెనీ పెట్టిన కనీస హద్దు ఉంటుంది.

బోల్టుల దగ్గర రెండు విషయాలు మరవకూడదు. బ్లాక్‌లోని బోల్టు రంధ్రాలలో ఆయిల్ గాని కూలెంట్ గాని నిలిచి ఉండగా బోల్టు బిగిస్తే, ఆ ద్రవం పోయే దారి లేక రంధ్రం చుట్టూ బ్లాక్ పగిలిపోవచ్చు. అందుకని ప్రతి రంధ్రాన్ని గాలితో ఊది పొడిబరచాలి. రెండవది, నిర్ణీత టార్కు (తిప్పే బలం) ఇచ్చిన తర్వాత డిగ్రీల లెక్కన తిప్పే బోల్టులు బిగింపులో శాశ్వతంగా సాగుతాయి. కంపెనీ మళ్లీ వాడవచ్చని స్పష్టంగా చెప్పి, పొడవు హద్దు ఇచ్చిన చోట తప్ప, కొత్తవే వేయాలి. మధ్య బోల్టుల నుంచి బయటికి, మాన్యువల్ చెప్పిన దశల్లో బిగించాలి. విప్పేటప్పుడు ఇంజన్ పూర్తిగా చల్లారాక, బయటి నుంచి లోపలికి రావాలి. వేడి మీద విప్పితే హెడ్ వంగుతుంది.

పాత ఇనుము

అందరూ పెద్ద పని గురించే మాట్లాడుతున్నారు గాని, హెడ్ బోల్టులను మరొకసారి టార్క్ రెంచ్‌తో బిగిస్తే చెమ్మ ఆగదా? పాత ఇంజన్లలో మేము హెడ్ బిగించిన కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ టార్కు చూసేవాళ్లం. చాలాసార్లు ఆ మూల చెమ్మ దానితోనే తగ్గేది. ఖర్చు లేని పని కదా.

ఫీలర్ గేజ్

పాత ఇనుము గారూ, మీరు చెప్పిన పద్ధతి ఆ ఇంజన్లకు సరైనదే. అప్పటి మెత్తటి గాస్కెట్లు వేడికి కొంత అణిగేవి, బోల్టులు సాగే రకం కావు, మాన్యువల్‌లోనే మళ్లీ బిగించమని ఉండేది. ఆ పని కూడా చల్లటి ఇంజన్ మీద, ఒక్కొక్క బోల్టును కొద్దిగా వదులు చేసి వరుస తప్పకుండా తిరిగి బిగించేవారు. ఎందుకంటే ఏళ్ల నాటి బోల్టు మొదట కదలడానికే అదనపు బలం తీసుకుంటుంది, రెంచ్ క్లిక్ అన్నంత మాత్రాన అది నిజంగా బిగిసినట్టు కాదు.

పాతబండి గారి ఇంజన్‌లో డిగ్రీల లెక్కన బిగించిన బోల్టులు ఉంటే ఇది ప్రమాదకరం. అవి ఇప్పటికే సాగిన స్థితిలో ఉన్నాయి. మళ్లీ తిప్పితే పట్టు పెరగకపోగా మరింత సాగి, బోల్టు తెగి బ్లాక్‌లో ఉండిపోవచ్చు. పక్కనున్న బోల్టుల కంటే ఆ మూల ఎక్కువ బిగిస్తే హెడ్ మీద ఒత్తిడి అసమానమై, బాగున్న సిలిండర్ వలయం దగ్గర పట్టు తగ్గవచ్చు. మాన్యువల్‌లో మళ్లీ బిగించమని రాసి ఉంటే తప్ప ఆ బోల్టుల జోలికి పోవద్దని నా మనవి.

మరొక మాట. మీరు చెప్పిన కాలపు ఇంజన్లను ఇప్పుడెవరైనా విప్పుతుంటే, ఆ గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చవద్దు, తడిపి తీయండి.

పాతబండి

నీలం ద్రవంతో చేసే పరీక్షలో రంగు మారలేదు, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ దాదాపు సమానంగా వచ్చింది. మాన్యువల్‌లో బోల్టులు టార్కు తర్వాత డిగ్రీల లెక్కనే బిగించాలని, ప్రతిసారీ కొత్తవే వేయాలని ఉంది కాబట్టి మళ్లీ బిగించే ఆలోచన మానుకున్నాను. బొమ్మ ప్రకారం ఆ చివరి బోల్టు పక్కన ఉన్నది పైకి ఆయిల్ తీసుకువెళ్లే రంధ్రమే. ఇప్పుడు గమనిస్తూ నడపాలంటే, ఏది గమనించాలి, ఎంతైతే ఎక్కువ అనుకోవాలి?

నల్లచేతులు

పరీక్షలు తేటగా వచ్చాయి కాబట్టి గమనిస్తూ నడపడం సరైన నిర్ణయమే. ఒత్తిడి రంధ్రమని తేలింది కనుక గమనింపు మాత్రం మొక్కుబడిగా ఉండకూడదు.

మొదట పరిమాణం సంగతి. ఆయిల్ చుక్కలు 20 నుంచి 30 కలిస్తే సుమారు 1 మిల్లీలీటరు అవుతుంది. ఇంజన్ నడుస్తున్నంతసేపూ నిమిషానికి ఒక చుక్క చొప్పున కారిందనుకున్నా గంటకు 2-3 మిల్లీలీటర్లు. సగటున గంటకు 40 కిలోమీటర్ల వేగంతో 1000 కిలోమీటర్లు తిరగడానికి 25 గంటలు పడుతుంది, అంటే 50 నుంచి 75 మిల్లీలీటర్లు. డిప్‌స్టిక్ మీద రెండు గీతల మధ్య చాలా కార్లలో సుమారు ఒక లీటరు ఉంటుంది కాబట్టి, అది కంటికి కనబడీ కనబడనంత తేడా. మీది ఇంకా చుక్క స్థాయికే రాలేదు. అందువల్ల డిప్‌స్టిక్ గమనించదగ్గంతగా దిగుతుంటే దానికి ఈ చెమ్మ ఒక్కటే కారణం కాదని, రింగులు, వాల్వు సీళ్ల గుండా ఆయిల్ మండుతోందేమో చూడాలని కూడా గుర్తుంచుకోండి. వారానికొకసారి, చదునైన చోట, చల్లటి ఇంజన్ మీద, ఎప్పుడూ అదే పద్ధతిలో డిప్‌స్టిక్ చూసి రాసి పెట్టుకుంటే మార్పు తెలుస్తుంది. కూలెంట్ మట్టాన్నీ అప్పుడే చూడండి.

పరిమాణం కంటే ఆయిల్ ఎక్కడ పడుతోంది అన్నది ముఖ్యం. ఇంజన్ ఆయిల్‌కు 200 డిగ్రీల సెల్సియస్ దాటాక మంట అంటుకునేంత ఆవిరి వస్తుంది. హెడ్ నుంచి పొగను బయటికి తీసుకెళ్లే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బరువు లాగేటప్పుడు 500 డిగ్రీలు దాటగలదు. ఇంతకుముందు వచ్చిన మాడు వాసన టాపెట్ కవర్ ఆయిల్‌దే అయి ఉంటుంది గాని, అది తిరిగి వస్తే, లేదా బానెట్ కింద నుంచి పొగ కనబడితే, ఇక మిల్లీలీటర్ల లెక్కలు అనవసరం, బండి ఆపి పని చేయించవలసిందే. ఎడతెగని ఆయిల్ తడికి కూలెంట్ గొట్టాలు ఉబ్బి మెత్తబడతాయి, ఇంజన్ మౌంటు రబ్బర్లు పాడవుతాయి, కాబట్టి కింద ఉన్న గొట్టాన్ని అప్పుడప్పుడు వేలితో నొక్కి చూడండి. మీ లీకేజీ గేర్‌బాక్స్ వైపు ఉండడం వల్ల టైమింగ్ బెల్టుకు ఆయిల్ తగిలే బెడద లేదు గాని, క్లచ్ ఉండే పెట్టె కింద తడి కనిపిస్తే అది ఇదేనా, క్రాంక్ వెనుక సీలా అన్నది మళ్లీ డైతో తేల్చుకోవాలి.

చెమ్మ చుక్కలుగా మారి నేల మీద రోజూ మచ్చ పడుతుంటే ఇక వాయిదా వేయకండి. మీ బండి ఆగినా ఆగకపోయినా, రోడ్డు మీద పడిన ఆయిల్‌కు వెనుక వచ్చే ద్విచక్ర వాహనం జారుతుంది. అంతవరకు రాకపోతే, టైమింగ్ బెల్టు మార్చే గడువు ఎప్పుడుందో చూసుకోండి. హెడ్ దింపాలంటే బెల్టు ఎలాగూ విప్పాలి, వాటర్ పంపు కూడా ఆ బెల్టుతోనే తిరిగే ఇంజనైతే అదీ చేతికందుతుంది. ఆ గడువుకు గాస్కెట్, కొత్త హెడ్ బోల్టులు, మానిఫోల్డ్ ప్యాకింగులు, బెల్టు, పంపు అన్నీ ముందే తెప్పించి ఉంచుకుంటే, విప్పిన హెడ్ సామాను కోసం ఎదురుచూస్తూ దుమ్ములో పడి ఉండదు. హెడ్ ఫేసింగ్‌కు ఇచ్చేటప్పుడు వాల్వు సీళ్లు కూడా మార్చమని చెప్పండి, మళ్లీ అంత దూరం విప్పే అవకాశం రాదు.